ఏ రాబర్టు?

1027లోనో ఆ మరుసటి ఏడాదిలోనో ఉత్తర ఫ్రాన్సులోని నార్మండీని ఏలే డ్యూక్ రాబర్టు ఎవ్రూ పట్టణాన్ని ముట్టడించాడు. లోపల చిక్కుకున్నది రువాన్ ఆర్చిబిషప్పు రాబర్టు. నిలబడలేక ఆర్చిబిషప్పు తన మనుషులతో ఊరు వదిలి ఫ్రాన్సు రాజు దగ్గర తలదాచుకున్నాడు. ఆ రాజు పేరూ రాబర్టే.

ఇది చదివిన రాత్రి నేను పుస్తకం మూసి ఒక పాత నోటుబుక్కు తీశాను. నార్మన్ల చరిత్రకూ నా ఉద్యోగానికీ ఏ సంబంధమూ లేదు. భోజనాలయ్యాక ఇల్లు సద్దుమణిగిన వేళ పట్టుకున్న పిచ్చి అది. నోటుబుక్కులో ఎడమ పేజీకి ‘కోట’ అనీ, కుడి పేజీకి ‘చర్చి’ అనీ పేరు పెట్టి, ఎదురైన ప్రతి రాబర్టునూ ఏదో ఒక వైపు రాయాలనుకున్నాను. కత్తి పట్టినవాళ్లు ఇటు, శిలువ పట్టినవాళ్లు అటు. మొదటి రాబర్టు దగ్గరే పని ఆగిపోయింది. ముట్టడిలో చిక్కుకున్న ఆ ఆర్చిబిషప్పు ఎవ్రూకు కౌంటు కూడా. అంటే ఆ పట్టణమూ చుట్టుపక్కల నేలా ఆయన సొంత ఏలుబడిలోనివే. ఇంట్లో హెర్లేవా అనే భార్య ఉంది, ముగ్గురు కొడుకులున్నారు. ముట్టడించిన డ్యూక్ ఆయనకు స్వయానా అన్న కొడుకు. బాబాయిని అబ్బాయి ముట్టడించాడన్న మాట. (ఆ డ్యూక్ మనసుపడి ఒక కొడుకును కన్న ఫలేజ్ పట్టణపు అమ్మాయి పేరూ హెర్లేవానే. ఆ కొడుకే తర్వాత ఇంగ్లండును జయించిన విలియం. ఇలాంటి చోట్ల ఎవరికైనా పెన్ను కింద పెట్టేయాలనిపిస్తుంది.)

చివరికి ఆర్చిబిషప్పు పేరును రెండు పేజీల మధ్య కుట్టు మీద రాశాను. ఇప్పుడు ఆ నోటుబుక్కు తెరిస్తే కుట్టు మీద ఇంకు పూసినట్టు నల్లగా ఉంటుంది. ఈ వ్యాసం దాని గురించే.

నార్మన్లలో రాబర్టులు, విలియంలు, రిచర్డులు, రోజర్లు, ఓడోలు కుప్పలుగా కనబడితే చాలామంది ఒక్క మాటతో తేల్చేస్తారు: ఆ కాలంలో పేర్లకు కరువు, ఊహకు అంతకన్నా కరువు అని. నాకు ఆ మాట మింగుడు పడదు. ఒకరికొకరు పెట్టుకున్న ఎకసెక్కపు పేర్లు చూస్తే వాళ్ల ఊహకు లోటేమీ లేదని తెలుస్తుంది. తెలిసి తెలిసీ ఒకే పేరును మళ్లీ మళ్లీ పెట్టారు. ఆ పేరు వాళ్లకు పిలుపు కాదు, దస్తావేజు. ఒకే పేరు కోటలోనూ బిషప్పు పీఠం మీదా కనబడటానికి కారణం ఆ రెండూ ఒకే ఇంటి గదులు కావడమే. ‘ప్రభువులు’, ‘మతగురువులు’ అని మనం గీసే గీత వాళ్ల నడవాల్లో లేదు.

ముందు ఆ పేరు వాళ్లింటికి ఎలా వచ్చిందో చూడాలి. ఆ ఇంటి మూలపురుషుడు రోలో, స్కాండినేవియా నుంచి ఓడల మీద వచ్చి సేన్ నది ఒడ్డున స్థిరపడ్డ దోపిడీ నాయకుడు. ఆ తర్వాత సుమారు వందేళ్లకు డూడో అనే మతగురువు రాసిన చరిత్ర ప్రకారం, 912లో రోలో బాప్తిస్మం తీసుకున్నప్పుడు అప్పటి ఫ్రాన్సును ఏలిన ఫ్రాంకుల డ్యూక్ రాబర్టు జ్ఞానపితగా, అంటే బాప్తిస్మంలో తండ్రి స్థానంలో, నిలబడి తన పేరే ఇచ్చాడు. డూడో మాటలన్నీ నమ్మనక్కర్లేదు, ఆయన తనకు అన్నం పెట్టిన ఇంటి కోసం రాశాడు. కానీ ఆ ఇంటివాళ్లు ఏం వినాలనుకున్నారో అందులో స్పష్టంగా ఉంది. మొదటి రాబర్టుకు ఆ పేరు కన్నతండ్రి పెట్టలేదు, నిన్నటి వరకూ శత్రువైన ఒక పెద్ద ప్రభువు ఇచ్చాడు. పేరుతో పాటు పక్కన కూర్చునే అర్హతా వచ్చింది. ఆ తర్వాత డ్యూకుల పేర్లు వరసగా చదవండి: విలియం, రిచర్డు, రిచర్డు, రిచర్డు, రాబర్టు, విలియం. అన్నీ ఫ్రాంకుల వైపు పేర్లే. సముద్రం దాటి వచ్చిన పేరు ఒక్కటీ లేదు. కుర్చీ ఎక్కే ఇంట్లో ఏ పేర్లు ఉండాలో బాగా తెలిసిన మనుషులు వాళ్లు.

ఇంకొకటి గమనించండి. రాబర్టు ఏ పునీతుడి పేరూ కాదు. పాత జర్మానిక్ మాటల్లో ‘కీర్తి’, ‘వెలుగు’ కలిసిన యోధుల పేరు. విలియమూ అంతే, రోజరూ అంతే. పేర్లు భక్తితో పెట్టినవైతే బిషప్పుల్లోనైనా పీటర్లు, పాల్‌లు, జాన్‌లు మెండుగా కనబడాలి. పదకొండో శతాబ్దపు నార్మన్ బిషప్పుల పట్టిక తీస్తే దళనాయకుల హాజరుపట్టీ చదువుతున్నట్టే ఉంటుంది. దీనికి నాకు బాగా నచ్చిన సాక్ష్యం రాబర్టు కాదు, థర్‌స్టన్. 1119 నుంచి 1140 వరకూ యార్క్ ఆర్చిబిషప్పు. బాయూ దగ్గర పుట్టిన నార్మన్. ఆయన పేరుకు అర్థం ‘థోర్ రాయి’. థోర్ అంటే సుత్తి పట్టుకుని ఉరుములు కురిపించే స్కాండినేవియా దేవుడు. అన్యదేవుడి పేరు పెట్టుకున్న మనిషి ఇరవై ఏళ్లు ఆర్చిబిషప్పుగా ఉంటే ఎవరికీ ఇబ్బంది కలగలేదు. తండ్రి లండన్ సెయింట్ పాల్స్‌లో మతాధికారి, అన్నదమ్ముడు ఆడోయెన్ ఎవ్రూకు బిషప్పు. అదే పేరున్న మరొకడు, రూ కొడుకు టర్‌స్టిన్, 1066లో హేస్టింగ్స్ యుద్ధంలో డ్యూక్ జెండా మోశాడు. ఒకడు కోట, ఒకడు చర్చి అని రాసుకోబోయాను. ఇంతలో 1138లో స్కాట్లండు సేన దండెత్తి వస్తే యార్క్‌షైర్ బలగాలను కూడగట్టి యుద్ధానికి పంపింది ఈ ఆర్చిబిషప్పేనని చదివాను. ఆయనా కుట్టు మీదికి వెళ్లాడు.

మళ్లీ ఎవ్రూ రాబర్టు దగ్గరికి వస్తాను, ఆయన్ను వదలడం నాకు కష్టం. ఆయన ఆర్చిబిషప్పు అయిన తీరు గురించి నూట యాభై ఏళ్ల తర్వాత ఒక సన్యాసి రాసిన కథ ఉంది. మొదటి రిచర్డు డ్యూక్, గునోర్ అనే ఆమె పెళ్లి తంతు లేకుండానే చాలాకాలం కాపురం చేశారు. పిల్లలు పుట్టారు. వాళ్లలో రాబర్టును రువాన్ ఆర్చిబిషప్పును చేయాలని తండ్రి తలపెడితే, పెళ్లికి ముందు పుట్టినవాడు ఆ పీఠానికి పనికిరాడని చర్చి చట్టం అడ్డొచ్చింది. డ్యూక్ వాదించలేదు. గునోర్‌ను చర్చిలో శాస్త్రోక్తంగా పెళ్లాడాడు. ఆ తంతు జరుగుతున్నంతసేపూ అప్పటికే పుట్టిన పిల్లలను తల్లిదండ్రులతో పాటు ఒక పెద్ద వస్త్రం కింద ఉంచారట. వస్త్రం తీసేసరికి అందరూ సక్రమ సంతానం.

ఆ వస్త్రం కింద ఉక్కపోతలో కూర్చున్న పిల్లవాణ్ణి నేను చాలాసార్లు ఊహించుకున్నాను. చర్చి చట్టాన్ని దాటడానికి చర్చి తంతునే వాడుకుని ఇంటి బిడ్డకు పీఠం సంపాదించారు. నార్మండీలో మత వ్యవస్థ ఎలా నడిచిందో చెప్పడానికి ఇంతకన్నా మంచి బొమ్మ నాకు దొరకలేదు. ఆ పిల్లవాడు సుమారు 989 నుంచి 1037 వరకూ, నలభై ఎనిమిదేళ్లు ఆ పీఠం మీద ఉన్నాడు. అన్న కొడుకు తరిమేస్తే ఊరుకోలేదు. నార్మండీ మొత్తాన్నీ చర్చి నుంచి వెలివేసినట్టు ప్రకటించాడు. డ్యూక్ దిగివచ్చి వెనక్కు పిలిపించుకున్నాడు. 1035లో డ్యూక్ ఏడెనిమిదేళ్ల విలియమును వారసుడిగా వదిలి జెరూసలేం యాత్రకు వెళ్లి, తిరిగివస్తూ నైసియాలో చనిపోతే, ఆ పిల్లవాడికి రెండేళ్లు అండగా నిలిచింది ఈ ముసలి ఆర్చిబిషప్పే. ఆయన పోయాకే నార్మండీలో కత్తులు యథేచ్ఛగా లేచాయి.

పేరు దస్తావేజు అనే మాట నేను పుస్తకాల నుంచి తేలేదు. నాకు మా తాతగారి పేరు పెట్టారు. మామగారి పేరు నోటితో అనకూడదని మా అమ్మ నన్ను ఎప్పుడూ ‘నాన్నా’ అనే పిలిచింది. అసలు పేరు బడి హాజరుపట్టీలోనే. తాతగారు పోయిన తర్వాత కూడా కొన్నేళ్లు పొలం శిస్తు రసీదు ఆయన పేరు మీదే వచ్చేది. నేను ఆరో తరగతి. ఇంటిపేరు, పేరు, ఊరు అన్నీ సరిపోయేవి. ఆ రసీదు పట్టుకుని పొలం నాదేనని మా చెల్లెలి ముందు చాలా దర్జా వెలగబెట్టాను. ఆ దర్జా చూసి మా నాన్న నవ్వి, “నీదే లేరా, అందుకే కదా ఆ పేరు పెట్టింది” అన్నారు. ఆయన హాస్యానికే అన్నారు. నార్మండీ తండ్రులు హాస్యానికి అనేవాళ్లు కాదు.

అయితే పోలిక అక్కడితో ఆపాలి. మన వెంకటేశ్వర్లు, నరసింహులు చాలావరకు మొక్కుల వల్ల వచ్చినవాళ్లు. ఏడుకొండలవాడి పేరు ఎవరి సొత్తూ కాదు. రాబర్టు వెనుక దేవుడు లేడు, ఒక ఇల్లే ఉంది.

ఆ ఇల్లు ఎంత దూరం పాకిందో చూడాలంటే గ్రాన్‌మెనిల్ రాబర్టును చూడాలి. తండ్రి పేరూ రాబర్టే. ఈయన అయిదేళ్లు విలియం డ్యూక్ దగ్గర ఆయుధాలు మోసే అనుచరుడిగా ఉండి, తర్వాత సన్యాసం తీసుకుని, సెయింట్ ఎవ్రూల్ మఠానికి అధిపతి అయ్యాడు. 1061లో డ్యూక్‌తో చెడి దేశం వదిలాడు. దక్షిణ ఇటలీకి వెళితే అక్కడ ఆశ్రయమిచ్చినవాడు రాబర్టు గిస్కార్. గిస్కార్ అంటే ‘జిత్తులమారి’. నార్మండీలో చిన్న భూస్వామి ఇంట పుట్టి కలాబ్రియా, అపూలియాలకు డ్యూక్ అయిన ఘనుడు. ఆ జిత్తులమారి రాబర్టు ఈ సన్యాసి రాబర్టు కోసం కలాబ్రియాలో సాంత్ యుఫేమియా మఠం కట్టించాడు. కొన్నాళ్లకు సన్యాసి చెల్లెలు జుడిత్‌ను గిస్కార్ తమ్ముడు రోజరు పెళ్లాడాడు. ఈ జుడిత్ ఎవరనుకున్నారు? సన్యాసి తల్లి రెండో పెళ్లి ముందు చెప్పిన రువాన్ ఆర్చిబిషప్పు రాబర్టు కొడుకుతో జరిగింది. వాళ్లకు పుట్టిన పిల్ల జుడిత్. వస్త్రం కింద కూర్చున్న ఆ పిల్లవాడి మనవరాలు సిసిలీని గెలిచిన ప్రభువుకు భార్య అయింది. ఇందులో ఏది మఠం చరిత్ర, ఏది రాజ్యాల చరిత్ర అని విడదీయబోతే రెండూ చిరుగుతాయి.

పేరు ఇంటి సొత్తు అనడానికి ఆ ఇంటి బయట నిలబడ్డవాళ్లు ఇంకా గట్టి సాక్షులు. ఆర్డెరిక్ అనే పిల్లవాడు 1075లో ఇంగ్లండులో, ష్రూస్‌బరీ దగ్గర పుట్టాడు. పదేళ్లకు తండ్రి అతణ్ణి నార్మండీకి, పైన చెప్పిన సెయింట్ ఎవ్రూల్ మఠానికి పంపాడు. అక్కడి సన్యాసుల చెవికి ఆ ఇంగ్లీషు పేరు మోటుగా వినబడింది. తీసేసి విటాలిస్ అని పెట్టారు. నార్మన్ల గురించి మనకు తెలిసినదాంట్లో ఎంతో భాగం రాసింది ఈ పిల్లవాడే. ముసలితనంలో తన కథ చెప్పుకుంటూ ఆ పేరు మార్పిడిని మరిచిపోకుండా రాశాడు. విట్‌బీలో పుట్టిన మరో పిల్లవాడి పేరు టోస్టిగ్. తోటి పిల్లలు వెక్కిరిస్తే ఇంట్లోవాళ్లు విలియం అని మార్చారు. పెద్దయ్యాక సన్యాసియై బార్తలోమ్యూ అయ్యాడు. గెలిచినవాళ్ల పేరు తొడుక్కుంటే వీధిలో రాళ్లు తగ్గుతాయని ఒక తల్లీ తండ్రీ లెక్క వేసుకున్నారు. పేర్లకు కరువు ఎక్కడుంది ఇందులో?

ఇక పక్కపేర్లు. ఇంతమంది రాబర్టులను విడదీయడానికి చరిత్రకారులు తగిలించే తోకలు చూడండి: జుమియెజ్ రాబర్టు, మోర్తాన్ రాబర్టు, గ్లోస్టర్ రాబర్టు, పొట్టికాళ్ల రాబర్టు. ప్రభువుకు భూమి పేరు తోక, సన్యాసికి మఠం పేరు తోక. మన ఇంటిపేర్లలో సగం ఊళ్ల పేర్లే కాబట్టి ఈ ఏర్పాటు మనకు వింతగా తోచదు. కానీ ఈ తోకలే మనల్ని మోసం చేస్తాయి. జుమియెజ్ రాబర్టు అనగానే గోడల మధ్య జపం చేసుకునే మనిషి కళ్లముందు మెదులుతాడు. ఎడ్వర్డు రాజు వెంట ఇంగ్లండు వెళ్లి, 1044లో లండన్ బిషప్పు, 1051లో కాంటర్‌బరీ ఆర్చిబిషప్పు అయి, ఏడాది తిరిగేసరికి ఇంగ్లీషు ప్రభువు గాడ్విన్ వర్గం దెబ్బకు సముద్రం దాటి పారిపోయిన రాజకీయ నాయకుడు ఆయన. ఇంగ్లండు సింహాసనం ఇస్తానన్న ఎడ్వర్డు మాటను విలియముకు మోసింది ఆయనేనని నార్మన్ రచయితలు రాశారు. తోక మనుషులను విడదీస్తుంది. ముందున్న పేరు కలుపుతుంది. మనం తోకనే చదువుతున్నాం.

పొట్టికాళ్ల రాబర్టు విలియం పెద్దకొడుకు. ఆ పేరు పెట్టి వెక్కిరించింది తండ్రే. పెదవీధిలో పొట్టి సుబ్బారావు లాంటి పేరే అది, కాకపోతే నార్మండీ డ్యూకుకు తగిలింది. 1106 సెప్టెంబరులో తాంష్‌బ్రే యుద్ధంలో సొంత తమ్ముడు, ఇంగ్లండు రాజు హెన్రీ చేతికి చిక్కాడు. 1134లో చనిపోయేదాకా, ఇరవై ఏడేళ్లకు పైగా బందీ. ఆయనకు కాపలా ఉన్నది ఎవరో చూడండి. 1126 వరకూ డివైజెస్ కోటలో సాల్స్‌బరీ బిషప్పు రోజరు. తర్వాత గ్లోస్టర్ రాబర్టు, అంటే హెన్రీకి పెళ్లి బయట పుట్టిన కొడుకు. పెదనాన్నకు కాపలా. చివరికి కన్నుమూసింది కార్డిఫ్ కోటలో. ఆ కోట గ్లోస్టర్ రాబర్టుకు భార్య మేబెల్ ద్వారా వచ్చింది. ఆమె తండ్రి రాబర్టు ఫిట్జ్ హామన్, పొట్టికాళ్ల రాబర్టు మీద హెన్రీ తరఫున పోరాడుతూ 1105లో ఫలేజ్ దగ్గర తలకు బల్లెం దెబ్బ తగిలి మతి చెడి, 1107లో పోయినవాడు. ఒక రాబర్టు కోటలో ఒక రాబర్టును ఇంకో రాబర్టు బంధించాడు. ఇంకో మాట అవసరం లేదు.

బిషప్పు కోటకు కాపలాదారుగా ఉండటం నార్మన్లకు వింత కాదు. ఆ రోజరు బిషప్పే 1123 జనవరిలో వుడ్‌స్టాక్ జింకల వనంలో హెన్రీ రాజుకు ఒక పక్కన గుర్రం మీద వెళ్తున్నాడు. రెండో పక్కన లింకన్ బిషప్పు రాబర్టు బ్లోయె. మాట్లాడుకుంటూ ఉండగా బ్లోయె ఒక్కసారిగా కుంగిపోయి, “ప్రభూ, చచ్చిపోతున్నాను” అన్నాడు. రాజు గుర్రం దిగి చేతుల్లోకి తీసుకున్నాడు. కాసేపటికే ప్రాణం పోయింది. ఆయనకూ కొడుకున్నాడు. పేరు సైమన్, తండ్రి అతణ్ణి లింకన్ చర్చికి డీన్‌గా, అంటే అక్కడి మతాధికారుల పెద్దగా, నియమించాడు. మతగురువులు భార్యలను వదలాలని రోము నుంచి ఆజ్ఞలు వచ్చి అప్పటికి దశాబ్దాలు. 1072లో రువాన్ ఆర్చిబిషప్పు జాన్ ఆ మాట సభలో గట్టిగా చెబితే సొంత మతగురువులే రాళ్లు విసిరారు. చట్టం గీత గీస్తూనే ఉంది, ఇల్లు చెరిపేస్తూనే ఉంది.

నా వాదానికి ఒక అడ్డంకి ఉంది. పన్నెండో శతాబ్దం నడిచేకొద్దీ ఇంగ్లండులో రైతులు, వడ్రంగులు కూడా రాబర్టులు, విలియంలు అయ్యారు. ఆ పేరును ముద్దుగా రాబ్, హాబ్, డాబ్ అని విరిచి, వాటి నుంచి రాబ్సన్, హాబ్సన్, డాబ్సన్ లాంటి ఇంటిపేర్లు పుట్టించారు. అందరి చేతిలోనూ ఉన్న కాగితం ఇంక దస్తావేజు ఎలా అవుతుంది? కాదు. సరిగ్గా అప్పటి నుంచే తోకలు తండ్రి నుంచి కొడుక్కు దిగే ఇంటిపేర్లుగా గట్టిపడ్డాయి. మొదటి పేరు చెల్లని నాణెమయ్యాక విలువ రెండో పేరులోకి మారింది.

ఆ నాణెం చెల్లకుండా పోయిన రోజును చూపించమంటే నేను 1171 క్రిస్మస్‌ను చూపిస్తాను. బాయూ దగ్గర బుర్‌లో, ఇంగ్లండు రాజు రెండో హెన్రీ కొడుకు, పదహారేళ్ల యువరాజు హెన్రీ విందు. నార్మండీ సేనెషల్ (ప్రభువు తరఫున పాలన చూసే అధికారి) విలియం, బ్రిటనీ సేనెషల్ విలియం ఒక గదిలో భోజనానికి కూర్చుని, విలియం అనే పేరు లేనివాడు ఈ గదిలో తినకూడదని హుకుం జారీ చేశారు. మిగతావాళ్లను బయటికి తరిమితే 110 మంది విలియంలు మిగిలారు, అందరూ నైట్లే. పక్క హాలులో యువరాజుతో తింటున్న విలియంలు ఈ లెక్కలో లేరు. నూరేళ్ల కిందట ఆ పేరు ఒక ఇంట్లోకి రానిచ్చే తాళంచెవి. ఇప్పుడు తాగిన మత్తులో ఆడుకునే ఆట.

ఈ లెక్క రాసిపెట్టినవాడు ఒక రాబర్టు. తోరిన్యీ ఊరివాడు, 1154 నుంచి 1186 వరకూ మోంట్ సెయింట్ మిషెల్ మఠాధిపతి. వస్త్రం కింద పిల్లల కథ రాసిన సన్యాసి కూడా ఈయనే. ఎవరు ఎవరికి ఏమవుతారో రాయడమంటే ఆయనకు ప్రాణం. 1875లో ఆ మఠంలో ఆయన సమాధి బయటపడినప్పుడు లోపల గుండ్రటి సీసపు బిళ్ల ఒకటి దొరికింది. దాని మీద లాటిన్‌లో పేరు, ఊరు, మఠాధిపతి అన్న మాట, ముప్పై రెండేళ్లు అన్న లెక్క. మట్టిలో కలిసిపోయాక కూడా ఏ రాబర్టో తెలియాలని ఆ సన్యాసులు జాగ్రత్త పడ్డారు.

ఈయన్ను చాలాకాలం కుడి పేజీలోనే ఉంచాను. పుస్తకాలు, సన్యాసులు, సముద్రం మధ్య కొండ. అచ్చమైన మతగురువు ఒక్కడైనా దొరికాడనుకున్నాను. పోయిన నెల మళ్లీ చదువుతుంటే కనబడింది: రెండో హెన్రీ తన కూతురు ఎలియనోర్ బాప్తిస్మానికి జ్ఞానపితల్లో ఒకరిగా ఈయన్ను నిలబెట్టాడు. అక్కడితో ఆగలేదు. పాంటోర్సన్ కోటను కూడా ఈయన సంరక్షణలో పెట్టాడు. రబ్బరు తీసుకుని కుడి పేజీలో పేరు చెరిపి, కుట్టు మీద ఖాళీ కోసం వెతికాను. అడుగున, దారం ముడి దగ్గర, కాస్త చోటు మిగిలి ఉంది.